గోడ మీది గీత, గోడ ముందరి కుండ

తెలుగులో "అతుకుల బొంత" అంటే నింద. పొందిక లేని కావ్యాన్నీ, నిలకడ లేని మంత్రివర్గాన్నీ ఆ ఒక్క మాటతో తీసిపారేస్తాం. అమ్మమ్మలు పాతచీరలు పొరలుపొరలుగా పేర్చి కుట్టిన బొంతల మీద పడుకుని పెరిగినవాళ్ళమే ఆ మాటను తిట్టుగా వాడుకోవడం వింతగానే ఉంటుంది. గీయడం గొప్ప పని, అతికించడం చిన్న పని అనే తారతమ్యం మన మనసుల్లో ఎక్కడో స్థిరపడిపోయింది. అందువల్లనే కాబోలు, "కొలాజ్" అనే మాటకు తెలుగులో ఒక పేరు నిలదొక్కుకోలేదు. జిగురుతో అంటించడం అనే అర్థం గల ఫ్రెంచి క్రియ నుంచి పుట్టిన మాట అది. "అతుకుబొమ్మ" అందామంటే ఆ పాత నింద వెంటపడి వస్తుంది.

పేరు లేనంత మాత్రాన వస్తువు లేదని కాదు. శ్రీకాకుళం, విజయనగరం సీమలలో ఆ వస్తువు చాలాకాలంగా ఉంది. అది కొండల మీద సవరల ఇళ్ళలో గోడనానుకుని ఉండేది. దానిని మనం "సవర చిత్రం" అని పిలుస్తూ, సగాన్నే చూస్తూ వచ్చామన్నది ఈ టపాలో నేను నివేదించదలచిన సంగతి. మిగిలిన సగం ఏమిటో చెప్పడానికి ముందు, కొలాజ్ అనే ప్రక్రియకు ప్రాణం ఎక్కడ ఉన్నదో కొంచెం విచారించాలి.

కళాచరిత్ర పుస్తకాలు ఈ కథను 1912లో, పారిస్‌లో మొదలుపెడతాయి. ఆ ఏడు వసంతంలో పికాసో ఒక కోలగుండ్రని చిత్రంలో బేత్తపు కుర్చీ అల్లికను తాను గీయలేదు. ఆ అల్లిక అచ్చు వేసి ఉన్న మైనపుగుడ్డ ముక్కను తెచ్చి అంటించాడు. పటం చుట్టూ చట్రానికి బదులు నిజమైన తాడు చుట్టాడు. అదే ఏడు సెప్టెంబరులో ఆయన మిత్రుడు బ్రాక్, కొయ్య చారలు అచ్చు వేసిన గోడకాగితాన్ని ముక్కలుగా కత్తిరించి తన బొగ్గుగీతల నడుమ అతికించాడు. ఈ రెండు పనులూ యూరపు చిత్రకళను కుదిపివేశాయని చెబుతారు.

ఎందుకు కుదిపివేశాయి? అప్పటివరకు పటంలో ఉన్నదంతా కల్పితం. పండు గీసిన పండు, తాడు గీసిన తాడు. ఇప్పుడు గీసిన వస్తువు పక్కన నిజమైన వస్తువు వచ్చి కూర్చుంది. చూసేవాడి కన్ను ఆ రెంటి మధ్యా తిరగవలసి వచ్చింది. కొలాజ్ శక్తి అంతా ఈ ఇరుగుపొరుగుతనంలోనే ఉందని నా అభిప్రాయం. జిగురు దానికి సాధనం మాత్రమే.

ఈ దృష్టితో చూస్తే పారిస్ కంటే ముందే మన ఇళ్ళలో ఆ పని జరుగుతోంది. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించిన తరువాత ఆయన లక్ష్మీ సరస్వతుల పటాలు దక్షిణాది ఇళ్ళ గోడలకెక్కాయి. చాలా ఇళ్ళలో వాటిని వచ్చినవి వచ్చినట్టు ఉంచలేదు. అమ్మవారి ముఖమూ చేతులూ వదిలి, అచ్చులోని చీర మీద పట్టుగుడ్డ ముక్క అతికించారు. అంచుకు జరీ కుట్టారు. నగలున్న చోట పూసలు, చెమ్కీ బిళ్ళలు అద్దారు. వేలకొలది ఒకే అచ్చుగా వచ్చిన పటం ఆ ఇంటి దేవతగా మారింది. ఈ పని చేసినవారు చాలావరకు పేరు మిగలని ఆడవాళ్ళు. తంజావూరు పటాలలో బంగారు రేకు, గాజుముక్కలు, రాళ్ళు పొదగడం అంతకంటే పాతది. అక్కడ ఆ పని చేసిన కుటుంబాలలో తెలుగు మాట్లాడే రాజులు ఉండేవారన్న సంగతి మిత్రులలో కొందరికి తెలిసే ఉంటుంది.

విజయనగరంలోనైతే ఒక ఊరేగింపే ఈ సూత్రం మీద నడుస్తుంది. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో అందరి చూపూ సిరిమాను మీదే ఉంటుంది. అది నిలువెత్తు చింతచెట్టు మాను. దాని కొసన కట్టిన ఆసనం మీద పూజారి కూర్చుని, గుడికీ కోటకీ మధ్య మూడుమార్లు తిరుగుతాడు. మాను ముందు నడిచేవాటిని కూడా గమనించండి: పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. ఏనుగు చేసిన బొమ్మ. వల మాత్రం నిజమైన చేపల వల. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధంలో విజయరామరాజు మరణించాక ఆయన చెల్లెలు పైడిమాంబ పెద్దచెరువులో ఐక్యమైందనీ, ఆమె ప్రతిమ ఆ చెరువులోనే దొరికిందనీ స్థలకథ. ఆ నీటిని గుర్తు చేయడానికి వలను బొమ్మగా గీసి మోయవచ్చు, గుడ్డతో చేసి మోయవచ్చు. కాని జనం వలనే తెచ్చారు. చేసిన ఏనుగు పక్కన నిజమైన వల నడుస్తుంటే కథ ఆ వీధిలోకి దిగివస్తుంది.

ఇక కొండలెక్కుదాం.

సవరలు మనకు కొత్తవారు కారు. ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుని శాపం పొందిన సంతతిగా ఆంధ్రులను చెప్పిన చోటనే శబరులనూ చెప్పారు. రెండు జాతుల పేర్లూ ఒకే వాక్యంలో చరిత్రకెక్కాయి. కాని భాష వేరు. సవర భాష ముండా కుటుంబానికి చెందినది, మన ద్రావిడ భాషలతో దానికి చుట్టరికం లేదు. మహేంద్రగిరి నుంచి సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం వైపు వ్యాపించిన కొండల మీదా, అవతల ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోనూ వారి ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళను మన పటాలు ఎన్నిసార్లు ముక్కలు చేశాయో! 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి సీతంపేట దానిలో చేరింది. సవరలు ఉన్నచోటనే ఉన్నారు, చిరునామాలు మారాయి.

వారి భాషను పట్టించుకున్న మొదటి తెలుగు పండితుడు గిడుగు రామమూర్తి. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరలను ఇంటికి పిలిచి వారి మాట నేర్చుకున్నాడు. వారికోసం బడులు పెట్టాడు, తెలుగు లిపిలో వాచకాలు వ్రాశాడు. ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ మద్రాసులో వెలువడ్డాయి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మనం ఏటా ఆగస్టు 29న తలుచుకునే గిడుగు, జీవితంలో సగం ఈ పనికి ధారపోశాడు.

గోడల సంగతి విస్తారంగా వ్రాసినవాడు వెరియర్ ఎల్విన్. 1940లలో గంజాం, కోరాపుట్ కొండలలో తిరిగి, 1951లో మధ్య భారత గిరిజన కళ మీద ఒక గ్రంథం, 1955లో సవరల మతం మీద మరొక బృహద్గ్రంథం ప్రచురించాడు. ఆయన చూసిన ఊళ్ళు నేటి ఒడిశాలోవి. సరిహద్దుకు ఇవతలి సవరలకూ ఆ గోడ పరాయిది కాదు. గోడబొమ్మను ఆయన "ఇట్టాల్" అని వ్రాశాడు. ఒడిశాలో ఇప్పుడు "ఇడితాల్" అంటున్నారు. గోడ మీది వ్రాత అని దాని అర్థం. సవర భాషలో గీయడానికీ వ్రాయడానికీ ధాతువు ఒకటే. మన పాత తెలుగులోనూ అంతే కదా! చిత్తరువును "వ్రాసేవారు", "గీయడం" ఆ చోటును తరువాత ఆక్రమించింది.

ఆ వ్రాత ఎలా జరుగుతుందో చూడండి. ముందు గోడను ఎర్రమన్నుతో అలుకుతారు. బియ్యం నానబెట్టి నూరిన పిండి తెల్లరంగు. కొస నలిపి కుంచెగా చేసుకున్న పుల్లతో వ్రాస్తారు. నలుపు కావాలంటే మసి ఉంది. మొదట ఒక చట్రం పడుతుంది. అది ఇల్లు. ఆ ఇంటిలో మనుషులు, ఏనుగులు, గుర్రాలు, కోతులు, చెట్లు, సూర్యచంద్రులు, దువ్వెనలు, గొడుగులు. ఎల్విన్ నాటికే వాటి మధ్య తుపాకులు, సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు కూడా వచ్చి చేరాయి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లోనే చిన్నరైలు నడిచింది. ఆ దారి తరువాత గుణుపురం దాకా కొండల అంచు వెంబడి సాగింది. కొండ మీది కంటికి రైలు వింత కాదు. పోయిన మనిషి దర్జాగా ప్రయాణించడానికి అదొక వాహనం.

ఈ ఇల్లు ఎవరికంటే, చనిపోయినవారికి. సవరల విశ్వాసంలో పోయినవాళ్ళు ఎక్కడికో పోరు, "సోనుం"గా మారి చుట్టుపక్కలే తిరుగుతారు. ఇంట్లో జబ్బు చేసినా, పంట దెబ్బతిన్నా, కలలో తాతో అవ్వో కనబడి తమకు చోటు లేదని వాపోయినా, వారికి గోడ మీద ఇల్లు వ్రాయిస్తారు. వ్రాయడం పూర్తయ్యాక పూజారి ఆ సోనుంను పిలిచి ఇల్లు చూసుకోమంటాడు. ఏదైనా లోటు ఉందంటే చిత్రకారుడు మళ్ళీ పుల్ల అందుకుంటాడు. బాగుందో లేదో తేల్చవలసినది ఆ ఇంట్లో ఉండబోయేవారు. ఇంతకంటే నిక్కచ్చి అయిన విమర్శకుడు ఏ చిత్రకారుడికి దొరుకుతాడు?

ఇప్పుడు నేను మొదట చెప్పిన రెండో సగం. వ్రాసిన ఇంటి ముందు, ఇంటికప్పు వాసాల నుంచి వస్తువులు వేలాడుతాయి. సోనుంకు అంకితమిచ్చిన కుండలు, ఆనపబుర్రలు, బుట్టలు, కొత్తపంట కంకులు. కింద అన్నం, కల్లు నైవేద్యం. గోడ మీది ఇల్లు పిండితో వ్రాసినది. ముందరి కుండ నిజమైన కుండ. వ్రాసిన ఇంట్లో సోనుం కాపురం ఉంటుంది, నిజమైన కుండలో తింటుంది. కొత్తపంట ఇంటికి వచ్చినప్పుడు మనుషులు నోట పెట్టుకోకముందే పెద్దల భాగం ఇక్కడికి చేరాలి. చోళ్ళు, కొర్రలు, కందులు ఏటా పండుతాయి కనుక ఆ వేలాడే భాగం ఏటా మారుతుంది. పిండివ్రాత పొగపట్టి మాసిపోతే, పండుగకో ఆపదకో మళ్ళీ వ్రాస్తారు. బొమ్మ, కుండ, ధాన్యం, నైవేద్యం, పిలుపు - ఇవన్నీ కలిసి ఒకే వస్తువు. దీనిలో నుంచి గీతలను మాత్రం విడదీసి "చిత్రం" అనడం, పికాసో పటంలో తాడునూ మైనపుగుడ్డనూ తీసేసి మిగిలినదాన్ని చూపించడం వంటిది.

దీనికి సమీపమైన పోలిక నాకు జర్మనీలో కనబడింది. కుర్ట్ ష్విట్టర్స్ అనే కళాకారుడు 1919 నుంచి ట్రాము టికెట్లు, చిత్తుకాగితాలు, విరిగిన చెక్కలు అతికించి చిత్రాలు చేసేవాడు. 1920లలో హానోవర్ నగరంలో తన ఇంటి గదినే అలా కట్టుకుంటూ పోయాడు. గోడల్లో గూళ్ళు చేసి, వాటిని మిత్రులకు అంకితమిచ్చి, వారికి సంబంధించిన చిన్నచిన్న వస్తువులు వాటిలో దాచాడు. 1943లో బాంబుదాడిలో ఆ ఇల్లు నేలమట్టమైంది. కొద్దిపాటి ఫొటోలు మిగిలాయి గనుక కళాచరిత్ర దానిని నేటికీ తలుచుకుంటుంది, ఒక మ్యూజియంలో దాని నమూనా కట్టి చూపిస్తున్నారు కూడా. ష్విట్టర్స్ చేసినది ఒంటరి మనిషి ప్రయోగం. సవరలది ఊరంతా తెలిసిన పద్ధతి. ఒక్కరి గదికి దక్కిన శ్రద్ధ ఒక జాతి గోడలకు దక్కలేదన్నదే నా బాధ.

సవర గోడల మీద బాంబులు పడలేదు. అవి నెమ్మదిగా మారాయి. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు "సొరాంగ్ సొంపెంగ్" అనే లిపిని రూపొందించి, అక్షరాలకే దేవతలను అన్వయించాడు. గోడ మీది వ్రాతకు బదులు అక్షరం పూజనీయమైంది. మరొకవైపు బాప్టిస్టు మతం వ్యాపించింది. ప్రార్థనకు వెళ్ళే కుటుంబానికి సోనుంతో పని లేదు, సోనుం ఇంటితోనూ పని లేదు. 1970లలో ఒడిశా సవరల మధ్య నివసించి, చనిపోయినవారితో బతికున్నవారు జరిపే సంభాషణలను విన్న పియర్స్ విటెబ్స్కీ, దశాబ్దాల తరువాత తిరిగి వెళ్ళేసరికి ఆ సంభాషణలు దాదాపు ఆగిపోయాయని 2017లో ప్రచురించిన పుస్తకంలో వ్రాశాడు. యువతరం చాలావరకు క్రైస్తవాన్నో హిందూ పద్ధతులనో స్వీకరించింది. అది వారి నిర్ణయం. మైదానంలో కూర్చుని, వారు మారకూడదని అనడానికి మనకు హక్కు లేదు. మన ఇళ్ళలో జరీ అద్దిన పటాలను అటక ఎక్కించినవాళ్ళం మనమే.

ఆ మార్పుల మధ్యనే మరొక మార్పు జరిగింది. గోడను విడిచిన గీత కాగితానికీ గుడ్డకూ వచ్చింది. ఇప్పుడు ప్రదర్శనశాలల్లో, హస్తకళల అంగళ్ళలో సవర చిత్రాలు దొరుకుతున్నాయి. పిండికి బదులు డబ్బా రంగు, ఎర్రమన్నుకు బదులు ఎర్ర రంగు పూసిన గుడ్డ. కొనేవారు చాలామంది వాటిని చూసి "వార్లీనా?" అని అడుగుతారు. మహారాష్ట్ర వార్లీ బొమ్మలకూ వీటికీ త్రికోణపు మనుషుల పోలిక ఉన్న మాట నిజమే. కాని సవర వ్రాతలో చట్రం ముందు, బొమ్మలు తరువాత. అంటే ఇల్లు ముందు, కాపురం తరువాత. గుడ్డ మీద కూడా చట్రం పడుతూనే ఉంది. అయితే చాలాచోట్ల అది అంచు అలంకారంగా మిగిలింది. ఎవరి ఇల్లు అన్న ప్రశ్నకు అక్కడ జవాబు లేదు.

గుడ్డ మీది చిత్రం నకిలీ అని నేననను. దానివల్ల కొన్ని ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది. అసలు తెలియనివారికి సవర అనే పేరైనా తెలుస్తోంది. పోడు మీద బతుకు కష్టమైన కాలంలో అది చిన్న విషయం కాదు. నేననేది వేరు. గీత ప్రయాణం చేయగలిగింది, కుండ ప్రయాణం చేయలేకపోయింది. పుస్తకం పుటలోనూ, చట్రం కట్టిన గుడ్డలోనూ ఒదిగేది గీతే గనుక, అదే సవర కళ అని లోకం నమ్మింది. నమ్మి నమ్మి చివరకు నేర్పేవారూ గీతనే నేర్పుతున్నారు. గీయడం గొప్ప, అతికించడం తక్కువ అనే మన పాత తారతమ్యం ఇక్కడ ఎంత నష్టం చేసిందో చూడండి. పాఠంలో నుంచి జారిపోయినది ఆ చిత్రానికి అసలు కారణం.

నష్టాన్ని కొంతైనా తగ్గించే పనులు ఉన్నాయి. ఇంకా గోడ వ్రాసే పెద్దలు ఉన్న ఊళ్ళలో, వారి అనుమతితో, గోడను మాత్రమే గాక గదిని మొత్తంగా నమోదు చేయాలి. ఎవరికోసం వ్రాశారు, ఏ సందర్భంలో, ముందు ఏమేమి వేలాడదీశారు, ఏ పంట కంకి, కుండలో ఏమి పోశారు, సోనుం ఏ లోటు చెప్పింది - ఈ వివరాలు లేని ఫొటో సగం ఫొటో. మ్యూజియంలో పెట్టేటప్పుడు కుండనూ బుర్రనూ "గృహోపకరణాలు" అనే అరలోకీ, బొమ్మను "చిత్రకళ" అనే అరలోకీ పంపకుండా ఒకచోట ఉంచాలి. గుడ్డ మీద అమ్మేటప్పుడు, ఆ ఇల్లు ఎటువంటి సోనుంకు వ్రాసేదో సవర భాషలో, తెలుగులో రెండు వాక్యాలు వ్రాసి జతచేస్తే అదీ ఒక అతుకే. మంచి అతుకు. గిడుగు మాటలను ఏరి నిఘంటువు చేసినంత ఓపిక ఈ వస్తువుల విషయంలో ఇంకొకరికి కావాలి.

సీతంపేట, కురుపాం, మెళియాపుట్టి, మందస ప్రాంతాలలో ఉద్యోగరీత్యా మసలినవారు, బడి పంతుళ్ళుగా పనిచేసినవారు ఇది చదివేవారిలో ఉండవచ్చు. ఎవరి ఇంట్లోనైనా గోడ ముందు వేలాడే కుండను చూసి ఉంటే, దాని గురించి ఆ ఇంటివారు మీకు ఏమి చెప్పారో వ్యాఖ్యగా వ్రాయండి. బొమ్మ ఎలా ఉందన్నది తరువాత. కుండలో ఏముందో ముందు చెప్పండి.